సగటు గొంతు

"సగటు గొంతున్న రోగి నా దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు." ఇటలీలోని జెనోవాలో, పదిమంది విద్యార్థుల ముందు, సర్జన్ గారు నన్ను అన్న మాట ఇది.

నేను చూపించింది కోత లోతును అంచనా వేసే ప్రోగ్రాం. స్వరతంత్రుల మీది కణితిని కార్బన్ డయాక్సైడ్ లేజరుతో తీసేటప్పుడు కిరణం దాదాపు 40 సెంటీమీటర్ల దూరం నుంచి నోటిగుండా వెళ్తుంది. కత్తయితే ఎంత తెగిందో వేలికి తెలుస్తుంది. కిరణం చేతికి ఏమీ చెప్పదు. దాని శక్తి, కదిలే వేగం, అదే గీత మీద ఎన్నిసార్లు తిరిగింది అన్నవాటినిబట్టి లోతు మారుతుంది. మేము కోడిమాంసం మీద ఎన్నో కోతలు కోసి, కొలిచి, ఆ లెక్కలు యంత్రానికి నేర్పాము. "సగటు తప్పు చాలా తక్కువ" అన్నాను. అప్పుడు పడింది ఆ మాట.

మొదటిరోజే ఆవిడ "మీరు వద్దు, నువ్వు అను, పేరుపెట్టి పిలువు" అన్నారు. ఇటాలియన్‌లోనూ మనలాగే ఆ రెండూ ఉన్నాయి. నాకు ఇప్పటికీ నోరు రాదు. అంత చనువిచ్చిన మనిషి అందరిముందూ అలా అనవచ్చా? మన మాస్టార్లూ తిట్టేవారు, కానీ మధ్యాహ్నానికి "తిన్నావా" అని అడిగేవారు. ఈవిడ కాఫీ తాగి వెళ్లిపోయారు. బస్సులో కూర్చుని ఆవిడకు జవాబులు వెతుక్కున్నాను. ఈ లేజరును 1964లో అమెరికాలోని బెల్ లాబ్స్‌ పరిశోధనశాలలో కనిపెట్టిన కుమార్ పటేల్ మన మహారాష్ట్ర బారామతిలో పుట్టినవాడేనని చెప్పాలనిపించింది. చెబితే నా లెక్క సరైపోతుందా?

ఆ రాత్రి అమ్మ ఫోను చేసింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతు, ఇప్పుడు బొంగురు. స్వరతంత్రుల పైపొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కోత దాని కిందికి దిగితే మచ్చకట్టి బిగుసుకుంటుంది, తర్వాత సరిగా కంపించదు. మాట్లాడుతున్నంతసేపూ నాకు ఆ మిల్లీమీటరే గుర్తొచ్చింది.

మౌఖిక పరీక్షలో "తెలియదు" అంటే మార్కులు పోతాయి, తోచింది ఏదో ఒకటి చెప్పమని మాకు నేర్పారు. నా ప్రోగ్రాం కూడా అంతే. ఎప్పుడూ చూడని వేగం ఇచ్చినా ఏదో ఒక అంకె ధైర్యంగా చెప్పేది. మూడు వారాలు కూర్చుని ప్రతి అంకె పక్కన దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కనిపించేలా చేశాను. అనుభవం లేనిచోట తెర బూడిదరంగులోకి మారుతుంది.

అందరిముందూ అన్నందుకు బాధ ఇంకా ఉంది. అయినా ముందుగా ఆవిడకే చూపించాను. బూడిదరంగు మీద వేలుపెట్టి, "ఇక్కడ లోతెంత?" అని అడిగారు.

"తెలియదు" అన్నాను.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.