పది రోజుల్లో 150 మందికి రిసెప్షన్: అనంతపురం లెక్క

అహోబిలంలోనో కదిరిలోనో తాళి కట్టించుకొచ్చి, ఊళ్ళో అయినవాళ్ళకు ఒక పూట భోజనం పెడదామనుకునే ఇళ్ళ కోసం ఇది. చేతిలో పది రోజులే ఉన్నాయి. పిలవాల్సింది 150 మందిని. అప్పు చేయకూడదు. ఇలాంటప్పుడు అందరూ మొదట హాలు కోసం పరుగెత్తుతారు. ముందు తేల్చాల్సింది తేదీ.

పెళ్ళికి ముహూర్తం కావాలి గానీ రిసెప్షన్‌కు అక్కర్లేదు. తక్కువ ఖర్చులో అయ్యేదంతా ఈ ఒక్క వెసులుబాటు మీదే నడుస్తుంది. పంచాంగం తీసి ముహూర్తాలున్న రోజులన్నీ కొట్టేయండి. మన వైపు చాలా ఇళ్ళల్లో పెళ్ళికి ముందు రోజు రాత్రే రిసెప్షన్ పెడతారు కాబట్టి, ముహూర్తానికి ముందటి రాత్రిని కూడా కొట్టేయాలి. ఈ రెండోది మరిచిపోయినవాళ్ళకే వంటమాస్టర్లు దొరకరు, పూలకు రెట్టింపు పెట్టాల్సి వస్తుంది. మిగిలిన రోజుల్లో వంటవాళ్ళు, షామియానా సప్లయర్లు, ఫోటోగ్రాఫర్లు అందరూ ఖాళీగానే ఉంటారు, బేరానికీ వస్తారు. ఆషాఢంలో పెడితే ఇంకా చవక కదా అని మాత్రం అనుకోవద్దు. కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదనే నెల అది. పెద్దవాళ్ళతో ఆ వాదన పెట్టుకుంటే పది రోజుల్లో నాలుగు అక్కడే కరిగిపోతాయి.

వారం కూడా చూసుకోవాలి. మాంసం పెట్టాలనుకుంటే శనివారం వద్దు. వెంకటేశ్వరస్వామి వారమని సగం మంది ముట్టరు, వాళ్ళ కోసం మళ్ళీ వేరే వంట. సోమవారం, గురువారం కూడా కొన్ని ఇళ్ళల్లో ఇదే కథ. బెంగళూరు చుట్టాలు ఎక్కువగా ఉంటే ఆదివారం తప్పదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు గంటల దారి, సోమవారం వాళ్ళకు ఆఫీసు. కాబట్టి సాయంత్రం ఆరున్నరకే మొదటి బంతి వేయాలి. ఊళ్ళోవాళ్ళే ఎక్కువైతే బుధవారం రాత్రి పెట్టుకోండి, అన్నీ సులువుగా దొరుకుతాయి.

జాబితా రాసేటప్పుడు మనుషుల పేర్లు కాకుండా ఇళ్ళు రాయండి. ఒక్కో ఇంటి పక్కన, అక్కణ్ణుంచి నిజంగా వచ్చేవాళ్ళెంతమందో అంకె వేయండి. పదేళ్ళ లోపు పిల్లలను అర ఆకుగా లెక్క కట్టండి. ఫోన్లు, వాట్సాప్ కార్డు మొదటి రెండు రోజుల్లోనే అయిపోవాలి. పెద్దవాళ్ళున్న ఇళ్ళకు మాత్రం వెళ్ళి బొట్టు పెట్టి పిలవాల్సిందే. ‘ఫోన్లో చెప్పి ఊరుకున్నారు’ అన్న మాట మనవళ్ళ పెళ్ళిదాకా వినాల్సి వస్తుంది. ఆ ఇళ్ళ కోసం 40 కార్డులు అచ్చేయిస్తే చాలు. మూడు రోజుల ముందు మళ్ళీ ఒకసారి ఫోన్ చేసి, వచ్చిన అంకెను వంటమాస్టరుకు చెప్పేయండి. ఆ తర్వాత దాన్ని కదిలించొద్దు.

చోటు విషయానికొస్తే, హాలు అద్దె ఎంతని అడిగి వచ్చేయడం పొరపాటు. కరెంటు యూనిట్ లెక్కనా? జనరేటర్ డీజిల్ ఎవరిది? ఊడ్చినందుకు వేరేనా? డెకరేషన్, క్యాటరింగ్ వాళ్ళ మనుషులతోనే చేయించాలా? ఈ చివరి ప్రశ్నకు అవునంటే, అద్దె ఎంత తక్కువైనా వదిలేయండి. తీసుకునేటప్పుడూ అప్పగించేటప్పుడూ కరెంటు మీటరు ఫోటో తీసుకోండి. దేవస్థానాల కల్యాణ మండపాలు చవకే గానీ మాంసం వండనివ్వరు, అక్కడ పెట్టే పనైతే శాకాహారమే అనుకుని దిగండి.

సొంత మిద్దె ఉంటే హాలు అక్కర్లేదు. ఆరడుగుల బల్లకు ఒకవైపు ముగ్గురు కూర్చుంటారు. ఒక బంతికి 50 మంది అంటే 17 బల్లలు, నడిచే దారితో కలిపి సుమారు 25 అడుగులు బై 30 అడుగుల చోటు. మిద్దె మీద భోజనాలు, కింద వాకిట్లో కుర్చీలు, స్టేజీ పెట్టుకోవచ్చు. మెట్లెక్కలేని పెద్దవాళ్ళ కోసం కిందనే నాలుగు బల్లలు వేయించండి. మిద్దె మీద గుంజలు పాతడానికి ఉండదు కాబట్టి షామియానా తాళ్ళను పిట్టగోడకు కట్టేస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు గాలి సంగతి తెలిసిందే, రామగిరి గాలిమరలను తిప్పేది అదే. ఆ నెలల్లో నాలుగు మూలలా ఇసుక బస్తాలు పెట్టి, గుడ్డ మధ్యలో గాలి పోయేలా సందు వదలమని చెప్పండి. ఇంకొకటి, 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ము నిండితే 200 కేజీల బరువు. నాలుగు డ్రమ్ములను కప్పు మధ్యలో ఒకచోట చేర్చకుండా, కింద గోడలున్న చోట విడివిడిగా పెట్టండి.

ఇక అన్నం. ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో అరవై ఆకు మీదికే రావాలి, మిగతావన్నీ ఆ నలభైలో సర్దుకోవాలి. వారం రోజులకు పైగా టైముంటే సరుకులు మనమే కొని వంటమాస్టరుకు కూలి మాట్లాడుకోవడం చవక. నాలుగైదు రోజులే ఉంటే, సరుకుల వెంట తిరిగే మనిషి ఇంట్లో లేకపోతే, ప్లేటు లెక్కన క్యాటరింగ్‌కు ఇచ్చేయడమే మేలు. మధ్యరకంగా సగం వాళ్ళు, సగం మనం అని పెట్టుకుంటే రాత్రి ఎనిమిదికి నూనె అయిపోయిందని ఫోన్ వస్తుంది, తెచ్చేవాడు ఎవరో తేలదు.

ఐటమ్స్ తగ్గించండి. ఓళిగ (కర్నూలు వాళ్ళ భక్ష్యం), అలసంద వడ, చిత్రాన్నం, గుత్తి వంకాయ, తెల్లన్నం, పప్పు, చారు, పెరుగు, ఊరగాయ, చెనిక్కాయల (వేరుశనగ) పొడి. ఇంతే. పప్పుంటే సాంబారు ఎందుకు? రెండో స్వీటు, నూడుల్స్ కౌంటరు, రంగు రంగుల ఐస్‌క్రీములు ఎవరికీ గుర్తుండవు. ఓళిగ మీద నెయ్యి పోశారా లేదా అన్నది గుర్తుంటుంది.

150 మందికి లెక్క ఇలా. సోనా మసూరి బియ్యం 16 కేజీలు: చిత్రాన్నానికి 6, తెల్లన్నానికి 10. తెల్లన్నం మొత్తం ఒకేసారి వండించొద్దు. మొదట 6 కేజీలు వండి, పక్క పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంచితే రెండో బంతి చూసుకుని మిగతాది అరగంటలో దించొచ్చు. మిగిలిన బియ్యం ఇంటికి పనికొస్తుంది, మిగిలిన అన్నం పనికిరాదు. కందిపప్పు 4 కేజీలు. చిన్న వంకాయలు 12 కేజీలు, కేజీకి పాతిక పైన తూగేవి ఏరుకుంటే తలా రెండు వస్తాయి. వాటి మసాలాకు చెనిక్కాయ విత్తనాలు కేజీన్నర, నువ్వులు, ఎండుకొబ్బరి చెరో అర కేజీ, చింతపండు ముప్పావు కేజీ. నూనె మొత్తం 8 లీటర్లు చాలు, మాస్టరు చీటీలో 15 అని ఉంటుంది. ఆయన రాసిన చీటీని అంగడికి తీసుకుపోయే ముందు నూనె, జీడిపప్పు, నెయ్యి ఈ మూడింటి దగ్గర ఆగి, ఏ ఐటమ్‌కు ఎంతో ఆయనతోనే విడివిడిగా చెప్పించండి. అంకె దానంతటదే దిగుతుంది. విప్పని ప్యాకెట్లు వెనక్కి తీసుకుంటానన్న అంగట్లోనే కొనండి.

కేజీ శనగపప్పుకు 40 ఓళిగల దాకా వస్తాయి. తలా ఒకటిన్నర లెక్కన 6 కేజీల పప్పు, దాదాపు అంతే బెల్లం, నెయ్యి రెండు కేజీలు. ఒక పెనం మీద గంటకు 50కి మించి కావు, కాబట్టి రెండు పెనాలు పెట్టినా రెండున్నర గంటలు అదే పని. మధ్యాహ్నం రెండుకు మొదలుపెట్టించండి. పప్పు పలుకుగా ఉన్నప్పుడే దించి, నీళ్ళు పూర్తిగా వంచేసి, బెల్లంతో మళ్ళీ పొయ్యి మీద గట్టిపడేదాకా తిప్పాలి. పూర్ణంలో తడి మిగిలితే ఓళిగ పెనం మీదే పగులుతుంది, ఎండాకాలమైతే సాయంత్రానికి పులుస్తుంది. మనుషులు దొరక్కపోతే ఓళిగలు చేసి అమ్మేవాళ్ళకు రెండు రోజుల ముందు చెప్పి పెట్టుకోండి, తేడా పెద్దగా ఉండదు.

అలసందలు మూడున్నర కేజీలు నానబెడితే 200 వడలు. పచ్చిమిర్చి, అల్లం వేసి బరకగా రుబ్బించి పిండి పక్కన పెట్టుకోవచ్చు గానీ, ఉప్పూ ఉల్లిపాయా మాత్రం వేయించే ముందే కలపాలి. ముందే కలిపితే ఉల్లిపాయ నీరు వదిలి పిండి జారుతుంది. జారిన పిండిలో శనగపిండి గుమ్మరిస్తారు, వడ గట్టిపడుతుంది, నూనె రెట్టింపు తాగుతుంది. మీ 8 లీటర్ల లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే.

పెరుగు 15 లీటర్లు. ముందు రోజు రాత్రి తోడేస్తే మన ఎండలకు భోజనాల వేళకు పుల్లగా అవుతుంది, ఆ మధ్యాహ్నం పన్నెండుకు తోడేయండి. మాంసం పెట్టేవాళ్ళు ఒక్క కూరతో ఆగండి. కోడి అయితే తలా 180 గ్రాముల లెక్కన 27 కేజీలు, అప్పుడు వంకాయ సగం తగ్గించుకోవచ్చు. తినని వాళ్ళకు బంతి వేరుగా వేయాలి, గంటెలు కూడా వేరుగా పెట్టాలి.

వచ్చినవాళ్ళకు మొదట ఇచ్చేది నన్నారి షర్బత్ అయితే బాగుంటుంది. ఒక గ్లాసుకు 25 మిల్లీలీటర్ల సిరప్ చొప్పున 750 మిల్లీలీటర్ల బాటిల్‌తో 30 గ్లాసులు వస్తాయి. ఆరు బాటిళ్ళు, 40 నిమ్మకాయలు, గుప్పెడు సబ్జా గింజలు తెచ్చుకుంటే సరిపోతుంది. చీనీకాయల (బత్తాయిల) జిల్లాలో ఉండి చీనీ రసం ఎందుకు పెట్టకూడదని అనిపిస్తుంది. పిండిన రసం కాసేపు నిలవ ఉంటే చేదెక్కుతుంది, గింజ నలిగితే ఇంకా తొందరగా. అప్పటికప్పుడు పిండే మనిషి ఉంటేనే పెట్టుకోండి. ఫ్యాక్టరీ ఐసుగడ్డను గ్లాసుల్లోకి వేయొద్దు, క్యాన్ల చుట్టూ పేర్చండి.

బఫేనా, బంతులా? తక్కువ ఖర్చు కావాలంటే బంతులే. బఫేలో ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటారు, ప్లేట్లలో పారేసేది ఎక్కువ, కనీసం పదో వంతు అదనంగా వండాలి. బంతికి అరగంట, మూడు బంతులకు గంటన్నర. 50 మందికి ఆరుగురు వడ్డించేవాళ్ళు కావాలి. మేనల్లుళ్ళను, బావమరుదులను నమ్ముకుంటే మొదటి బంతి బాగా నడుస్తుంది, రెండో బంతికి వాళ్ళు ఫోటోల్లో ఉంటారు. నలుగురినైనా కూలికి పెట్టుకోండి. ఆకులకు అరిటాకులే తెప్పించండి. నార్పల వైపు తోటలున్నాయి, పెద్ద ఆకును రెండు మూడు ముక్కలు చేయొచ్చు. వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులపై 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది, కాబట్టి గ్లాసులు స్టీలువి అద్దెకు తెచ్చుకోండి. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 8, ఎండాకాలమైతే 10. చిన్న సీసాలు వద్దు, ప్రతివాళ్ళూ సగం తాగి వదిలేస్తారు. చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకు వేరే నీళ్ళు కావాలి. ట్యాంకర్‌కు ముందు రోజే చెప్పండి. గ్యాసు 19 కేజీల కమర్షియల్ సిలిండర్లు రెండు. రెండోది వాడకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు.

స్టేజీకి ఒక రంగు పరదా, రెండు బంతిపూల తోరణాలు, రెండు కుర్చీలు. ఫోటోగ్రాఫర్ ఒక్కడు, మూడు గంటలు. ఫోటోల వరస అయ్యేదాకా భోజనాలు ఆపడం చాలాచోట్ల చేసే తప్పు. ఆ రెండింటినీ ముడిపెట్టొద్దు, టైముకు ఆకులు వేసేయండి. చదివింపులు రాసేందుకు ఊరూ ఇంటిపేరూ తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి, ఒక నోటుపుస్తకం, ఒక తాళం పెట్టె ఇవ్వండి. ఆ డబ్బు వస్తుందని ఖర్చు పెంచుకోవడం మాత్రం వద్దు. స్పీకర్లు రాత్రి పదికి ఆపాలి, చట్టం అదే చెబుతుంది. వీధిలోకి షామియానా వస్తుంటే స్టేషన్‌లో ముందే చెప్పి, అంబులెన్సు పట్టేంత దారి వదలండి.

మూడో బంతి లేచేలోపే మిగిలింది ఎంతో చూసుకుని, ముందే మాట్లాడుకున్న హాస్టల్‌కో ఆశ్రమానికో ఫోన్ చేయండి. పప్పూ చారూ పంపకండి, అన్నం, ఓళిగలు, వడలు వేడి తగ్గకముందే వెళ్ళాలి. సామాన్లు దింపుకునేటప్పుడు కుర్చీలు, గుండిగలు, గంటెలు, గ్లాసులు లెక్కపెట్టి సప్లయర్ చీటీ మీదే రాయించి సంతకం తీసుకోండి. అప్పటికే విరిగిన కుర్చీలుంటే పక్కన పెట్టి ఫోటో తీయండి. పొద్దున వాళ్ళ ఆటో వచ్చేసరికి అన్నీ కడిగి, పదేసి గ్లాసులు ఒక దొంతరగా పేర్చి ఉంచండి. తగ్గేవి ఎప్పుడూ గ్లాసులే, అవి వంటింటి తొట్టి కిందో పిట్టగోడ మీదో ఉంటాయి, ముందు అక్కడ వెతకండి.