లైటు ఆరింది, ప్రెషర్ మాత్రం లేదు

ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించాక ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూడకుండా బండి బయటికి తీయకండి. గ్యారేజీతో నా గొడవ నిన్ననే తెగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మొదటి స్టార్టింగ్‌కి ముందు పనులు సాఫీగానే సాగాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి, ఆగి ఆగి సెల్ఫ్ కొడితే ఆయిల్ పైకెక్కి డాష్‌బోర్డు మీది ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక లైటు ఆరింది.

ఫ్యూయల్ ప్రెషర్ సంగతీ తొందరగానే తేలింది. ఇంజిన్ నడుస్తుండగా పంపు ఫ్యూజ్ లాగితే కాసేపటికి దానంతటదే ఆగుతుంది, లైన్‌లో ప్రెషర్ దిగిపోతుంది. ఆ తర్వాతే, కింద గుడ్డ పెట్టుకుని రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే పైపు) మీద గేజ్ బిగించాలి. నా బండికి ఐడ్లింగ్‌లో రెండున్నర బార్, రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు పీకితే మూడు. మాన్యువల్‌లో ఉన్నదీ అదే. ఆపేశాక కూడా ముల్లు నిలబడింది. టకటకా పడిపోతే ఇంజెక్టరో, పంపులోని చెక్ వాల్వో కారుతున్నట్టు.

అసలు కథ ఆయిల్ దగ్గర. గేజ్ పెడదామంటే హెడ్ మెకానిక్ నవ్వాడు. "లైటు ఆరింది కదా సార్, ఇంకేం కావాలి? మేం కట్టేది ఇంజిన్, మీరు చూసేది యూట్యూబ్." చుట్టూ ఉన్న కుర్రాళ్లు, వేరే కస్టమర్లు, అందరూ నవ్వారు. చెవులు కాలిపోయాయి. చాలా బండ్లలో ఆ లైటు అయిదు పీఎస్‌ఐ (ఇదీ బార్ లాగే ప్రెషర్ కొలతే) దగ్గరే ఆరిపోతుంది. అది ప్రెషర్ బొత్తిగా లేదని చెప్పడానికే తప్ప, సరిపడా ఉందని చెప్పడానికి కాదు. ఇన్నేళ్లు స్పానర్ పట్టినవాడికి ఇది తెలియదా?

పట్టుబట్టి, ఆ లైటుని వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీయించి, ఆ రంధ్రంలో నా గేజ్ పెట్టించాను. అక్కడా ఒక గండం. నాది జపాన్ ఇంజిన్, స్విచ్ రంధ్రానికి బీఎస్‌పీటీ (బ్రిటిష్ పద్ధతి) మరలు, అంగుళానికి 28. గేజ్‌తో వచ్చిన అడాప్టర్ ఎన్‌పీటీ (అమెరికా పద్ధతి), 27. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. కుర్రాడు స్పానర్ వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంకో బిగింపుకి అల్యూమినియం బ్లాక్ చిట్లేది. సరైన అడాప్టర్ నా బ్యాగులోనే ఉంది. ఆ మాత్రం చదువుకునే వెళ్లాను మరి.

చల్లటి ఇంజిన్ మీద 45 పీఎస్‌ఐ. మెకానిక్ కాలరెగరేశాడు. ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఎవరికైనా అంత వస్తుంది. ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కనిచ్చాను. ఐడ్లింగ్‌లో ముల్లు ఆరుకి జారింది. మూడు వేల ఆర్‌పీఎంకి రేస్ చేస్తే 18, అదీ నిలకడగా కాదు, గజగజ వణుకుతూ. వెయ్యి ఆర్‌పీఎంకి పది పీఎస్‌ఐ అనేది పాత లెక్క. దాని ప్రకారం ముప్ఫై ఉండాలి. ఇప్పుడు మాట మారింది: "మీ గేజే తేడా." కాసేపాగి, "బేరింగులు లూజేమో, ఇంజిన్ మళ్లీ దించాలి, లేబర్ వేరే."

బేరింగుల మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. ముల్లు వణుకుతోందంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తోందని అనుమానం. ఒక లీటరు ఆయిల్ ఎక్కువ పోయించాను. వేడి మీదే ఐడ్లింగ్‌లో 14కి లేచింది, వణుకూ తగ్గింది. బేరింగులు లూజైతే లీటరు పోసినా ఫరక్ ఉండదు. ఛాంబర్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) మట్టం పెరిగి, పంపు ఆయిల్ పీల్చుకునే స్ట్రెయినర్ పైపు జాయింట్ మునిగింది కాబట్టే గాలి ఆగింది. ఇది పరీక్షకే సుమా, ఎక్కువ ఆయిల్‌తో బండి నడిపితే క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది.

ఛాంబర్ దించారు. పైపు మొదట్లో ఉండే రబ్బరు ఓ-రింగ్ నల్లగా, ఒకవైపు చదునుగా అణిగి ఉంది. గోటితో వంచితే విరిగింది. గాస్కెట్ కిట్‌లో వచ్చిన కొత్తది ఏమైందో ఎవరూ చెప్పలేదు.

కొత్త రింగ్ పడ్డాక వేడి మీద ఐడ్లింగ్‌లో 17, మూడు వేల దగ్గర 42. ముల్లు కదల్లేదు. రెండో లేబర్ బిల్లు నేను కట్టనన్నాను. కొత్త ఆయిల్ డబ్బులు మాత్రం నా నెత్తినే వేశారు.