బీడు అని రాసిన కొండ

బెంగళూరు బస్సులో ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర దిగింది మాత్రం మొన్న నవంబరులోనే. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మా నోటికి ఇంకా అనంతపురం జిల్లా సీకే పల్లే.

"కల్పవల్లికి వెళుతున్నాను" అంటే పక్క సీటు పెద్దాయన, "ఏ అమ్మవారు?" అని అడిగాడు. అమ్మవారు కాదు, కొండలు, గడ్డి అన్నాను. గడ్డి చూడడానికి టికెట్టు కొన్నవాణ్ని ఆయన అదివరకు చూసి ఉండడు. దిగేదాకా నన్నే చూస్తూ కూర్చున్నాడు.

1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మిత్రులతో కలిసి ఇక్కడ 32 ఎకరాల బండనేల కొని టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రారంభించారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి, ఎవరిదీ కాదని అందరూ నరుక్కుపోయిన ఉమ్మడి కొండలను కాపాడడం మొదలుపెట్టారు. అవే కల్పవల్లి. ఇప్పుడు 7,000 ఎకరాలకు పైనే. నాటిన మొక్కలకంటే, గొడ్డలికీ నిప్పుకూ అడ్డం నిలిచినందువల్ల పాత వేళ్ల నుంచి తిరిగి లేచిన చెట్లే ఎక్కువ.

నాతో వచ్చిన కాపలాదారు నా కంటే పెద్దవాడు, నడకలో మాత్రం నాకు అందలేదు. వానలు వెనకపట్టి గడ్డి అప్పుడే పసుపు తిరుగుతోంది. బోద గడ్డి నా నడుము దాకా ఉంది. ఒకచోట ఆగి, గడ్డి చెక్కేసి తీసిన వెడల్పాటి బాట చూపించాడు. ఎండాకాలం నిప్పు దాన్ని దాటకూడదు. "ఒక్క బీడీ ముక్క చాలు సార్, ఏడాది కాపలా బూడిదే" అన్నాడు. మంట కనబడితే ఏ ఊరివాళ్లు ఎటు నుంచి రావాలో అందరికీ తెలుసట. పచ్చి కొమ్మలతో బాది ఆర్పుతారు. మంటలార్పే బండి ఈ కొండ ఎక్కలేదు మరి.

వాగు పక్కన ఈత చెట్ల దగ్గర ఒకావిడ ఆకు కోస్తోంది. ఈతాకు కొన సూదే. ఆవిడ చూపుడు వేలికి, బొటనవేలికి పాత చీర పీలికలు చుట్టుకుని, మట్టను ఎడమ చేత్తో వంచి, కొడవలి కింది నుంచి పైకి లాగుతోంది. గుప్పెడు పోగవగానే మొదళ్లు రాయి మీద రెండుసార్లు కొట్టి సమం చేసి, అదే ఆకు చీలికతో బిగించి కట్టింది. చీపురు తయారు. ప్లాస్టిక్ లేదు, ఇనప తీగ లేదు. "చెట్టు చచ్చిపోదా అమ్మా?" అన్నాను. "నడిమి మొవ్వ ముట్టుకోం కదా నాయనా. అది కోస్తే మళ్లీ ఏడాది నేనేం కోసుకోవాలి?" అంది. వాతావరణ సదస్సుల్లో గంటలకొద్దీ విన్న విషయమే. ఆవిడ ఆ మాట చెప్పేలోపు మరో మట్ట వంచేసింది.

ఇంతా చేసి, రెవెన్యూ కాగితాల్లో ఇది ప్రభుత్వ బీడు భూమి. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో పైకెక్కాక తెలిసింది. గట్టు మీద గాలిమరలు నిలబడి ఉన్నాయి. గాలి కరెంటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే మరలు తిరిగాయి. బొగ్గు కాల్చకుండా వచ్చే కరెంటును నేనెందుకు కాదంటాను? కానీ అంత పొడవు రెక్కలు మోసే లారీ ఎక్కాలంటే కొండను తొలిచి రోడ్డు వేయాలి. వేశారు. చెట్లు పోయాయి, వానకు మట్టి వాగులోకి జారింది, గొర్రెల దారి తెగింది. బీడుకు నష్టపరిహారం ఎవరిస్తారు? గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. బొగ్గుపులుసు వాయువు తగ్గించడానికి వచ్చినవాళ్లు, దాన్ని వేళ్లలో దాచుకుంటున్న గడ్డినే తవ్విపోయడం నాకు మింగుడు పడలేదు. ఒక చెట్టు నీడలో కూర్చుంటే రెక్కల నీడ నా కాళ్ల మీదుగా వెళ్లి వస్తోంది. అయిదు నిమిషాలకే కళ్లు తిరిగి పక్కకు జరిగాను.

కింద ఊళ్లో ఒక మాజీ వార్డు సభ్యుడు టీ ఇప్పించాడు. పంచాయతీ ఏం చేసిందని అడిగాను. "కుంట తవ్వాలంటే గ్రామసభలో తీర్మానం, కందకం తీయాలంటే తీర్మానం. కొండ ఇచ్చేయడానికి మాత్రం మా సంతకం పని పడలేదు" అని నవ్వాడు. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో తొలిసారి ప్రారంభించింది కూడా అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ కూలి డబ్బుతో తీసిన కందకాల్లో నీళ్లు ఇంకి, తమ బావి ఇప్పుడు వేసవిలోనూ ఎండడం లేదని ఆయనే చెప్పాడు. అంటే పంచాయతీకి చేతకాక కాదు. పలుగు పట్టేదాకా దాని మాట చెల్లుతుంది, పట్టా దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. నాకు అర్థమైంది ఇంతే.

మధ్యాహ్నం కొర్రన్నం, పప్పు, ఊరుబిండి. వేరుసెనగ తప్ప మరొకటి వేయని నేలలో కొర్ర, ఆరిక మళ్లీ పండిస్తున్న రైతుల నుంచి ధరణి సహకార సంఘం కొంటోంది. యూరియా అక్కర్లేని పంట, తక్కువ వానకు చాలిన పంట. మొదటి ముద్ద గొంతులో కాస్త తగులుకుంది, ఒప్పుకుంటాను. రెండోసారి నేనే అడిగి పెట్టించుకున్నాను.

తిరుగు బస్సులో చేతిలో రెండు చీపుర్లు. ఆవిడ ధర చెబితే బేరమాడకుండా ఇచ్చాను, అందుకామె నన్ను కాస్త అనుమానంగా చూసింది. రెండు రోజులు నీడన ఆరబెట్టమంది, ఎండలో పెడితే ఆకు విరుగుతుందట. కండక్టరు వాటిని పైన సామాను అరలో పెట్టమన్నాడు. పెట్టలేదు. ఈత ముళ్లు ఎవరి నెత్తి మీద పడతాయోనని అనంతపురం దాకా ఒళ్లోనే పట్టుకు కూర్చున్నాను.