బొమ్మ పోయిందా, వెలుగు పోయిందా: కువైట్‌లో టీవీ మరమ్మతు

కువైట్‌లో చెడిపోయిన టీవీ చూడడానికి ఎవరి ఇంటికి వెళ్లినా మెకానిక్‌కు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఏం పోయింది అన్నది మొదటిది, ఎవరు పోగొట్టారు అన్నది రెండవది. మొదటిదానికి జవాబు చెప్పడమే నా ఉద్యోగం. రెండవదాని గురించి నేను నోరు విప్పనక్కరలేదు గాని, మొదటిదానికి నేను చెప్పే జవాబులో నుంచే ఇంటివాళ్లు రెండవ జవాబును లాగుతారు. ఆ ఇంట్లో టీవీ తుడిచేది, పిల్లలను చూసుకునేది తరచుగా మన రాయచోటి, రాజంపేట వైపు నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చిన ఆడమనిషే అయి ఉంటుంది. అందువల్ల తెర మీద గీత ఎందుకు పడిందో తేల్చడం ఇక్కడ ఒట్టి సాంకేతిక విషయంగా మిగిలిపోదు. ఒక్కోసారి అది ఆమె నెల జీతానికి సంబంధించిన విషయమవుతుంది.

మా షాపు హవల్లీలో ఉంది. ఫోన్లు ఎత్తేది ఒక ఈజిప్టు అతను, బోర్డుల మీద ఐసీలు, అంటే చిన్న చిప్పులు, మార్చేది ఒక మలయాళీ అన్న, ఇళ్లకు తిరిగేది నేను. నాకు వచ్చిన అరబ్బీ పని నడవడానికి సరిపోయేంతే. అదృష్టవశాత్తు టీవీ యజమాని చెప్పే ఫిర్యాదు కూడా చాలాసార్లు నాలుగు మాటల్లోనే ముగుస్తుంది: "సౌత్ ఫీ, సూరా మాఫీ." శబ్దం ఉంది, బొమ్మ లేదు అని. అయితే నా దృష్టిలో ఈ ఫిర్యాదు ఇంకా సగమే. బొమ్మ లేదంటే నిజంగా బొమ్మే లేదా, లేక బొమ్మ ఉండి దాన్ని చూపించే వెలుగు లేదా అన్నది ముందు విడదీయాలి. ఈ పని చేయకుండా వెనక మూత విప్పే మెకానిక్, బోర్డు తర్వాత బోర్డు మార్చుకుంటూ పోయి చివరికి అదృష్టం మీద ఆధారపడతాడు.

ఎల్‌సీడీ గాజుకు సొంత వెలుగు లేదు. దాని మీద ఉండే లక్షలాది చుక్కలు ఒక్కొక్కటీ తెరుచుకుని మూసుకునే చిన్న కిటికీ రెక్కలాంటివి. వెనక నుంచి వచ్చే వెలుగును అవి ఎంత వదిలితే మనకు అంత కనిపిస్తుంది. జనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేదానిలో కూడా బొమ్మను తయారుచేసేది ఎల్‌సీడీ గాజే. ఎల్‌ఈడీలు దాని వెనక వెలిగే దీపాలు మాత్రమే. పాత సెట్లలో ఆ స్థానంలో సన్నని ట్యూబులు ఉండేవి, ఇప్పుడు అవి మా బెంచీ మీదకు దాదాపు రావడం లేదు. కాబట్టి శబ్దం వచ్చి తెర నల్లగా ఉన్నప్పుడు నేను చేసే మొదటి పని కిటికీ తెరలు వేయించి, టార్చిని గాజుకు దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టుకోవడం. ఆ వెలుగులో మసకగానైనా మనుషులు కదులుతూ కనిపిస్తే గాజు, దానికి బొమ్మ అందించే బోర్డులు చాలావరకు బాగున్నట్లే. పోయింది వెనక వెలుగే. టార్చి పెట్టినా ఏమీ కనిపించకపోతే దారి వేరు. తెర నల్లగా కాకుండా బూడిదరంగులో వెలుగుతూ బొమ్మ మాత్రం లేకపోతే అది ఇంకొక దారి. అప్పుడు దీపాలు బాగున్నాయి, గాజుకు చేరవలసిన సంకేతమో, కరెంటో చేరడం లేదు.

మా దగ్గరికి వచ్చే నల్ల తెరల్లో ఎక్కువ భాగం బ్యాక్‌లైట్, అంటే ఈ వెనక వెలుగు, పోయినవే. ఎల్‌ఈడీలను సన్నని పట్టీల మీద అమరుస్తారు, వాటిని స్ట్రిప్పులు అంటాం. ఒక స్ట్రిప్పులోని ఎల్‌ఈడీలన్నీ వరుసగా, ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కటి తెగిపోతే ఆ వరుస మొత్తానికి కరెంటు ఆగిపోతుంది. తేడాను గమనించిన, దీపాలకు కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ తనను తాను కాపాడుకోవడానికి మిగతా దీపాలను కూడా ఆర్పేస్తుంది. అందుకే ఇలాంటి టీవీ ఆన్ చేయగానే ఒకటి రెండు సెకన్లు తెర వెలిగి, వెంటనే ఆరిపోయి, వార్తలు మాత్రం వినిపిస్తూ ఉంటాయి. ఆ క్షణకాలపు మెరుపును యజమానులు సాధారణంగా చెప్పరు, అడిగితేనే గుర్తుకు వస్తుంది. కొన్ని టీవీల్లో తెర ఆరక ముందే ఇతర లక్షణాలు కనిపిస్తాయి. తెర మీద గుండ్రని తెల్లని మచ్చలు వస్తే ఎల్‌ఈడీల మీద అతికించిన చిన్న లెన్సులు ఊడి పడ్డాయని, బొమ్మంతా నీలంగానో ఊదాగానో మారితే ఎల్‌ఈడీల మీది పసుపు పూత వేడికి దెబ్బతిన్నదని అర్థం. రెంటికీ మూలం వేడే. షాపులో అమ్మేటప్పుడు పెట్టిన గరిష్ఠ వెలుగులోనే ఏళ్ల తరబడి నడిపితే ఏ స్ట్రిప్పూ నిలవదు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. ఇంటి ముందరి దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే హాల్లో, వాళ్లు వచ్చేదాకా ఏసీ వేయరు, ఒక్కోచోట టీవీ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

స్ట్రిప్పులు మార్చడంలో కష్టమంతా గాజును ఎత్తడంలో ఉంది. యాభై ఐదు అంగుళాల గాజు చేతిలో పట్టుకుంటే వంగుతుంది, దాని అంచున వేలాడే సన్నని ఫిల్ములు ఎక్కడైనా తగులుకుంటే బాగుచేయవలసిన టీవీకి కొత్త రోగం వస్తుంది. ఇద్దరు మనుషులు, ఖాళీగా ఉన్న పెద్ద బల్ల లేకుండా నేను ఈ పనిని ఎవరి ఇంట్లోనూ చేయను, షాపుకే తెస్తాను. ఎల్‌ఈడీ ఒక్కటే పోయినా స్ట్రిప్పులన్నీ ఒకేసారి మార్చాలని చెబుతాను, ఎందుకంటే మిగతావి కూడా అంతే వేడిని, అన్నే గంటలను చూసినవి.

వెలుగు బాగుండి బొమ్మ చెడినప్పుడు నేను రిమోట్ తీసుకుని మెనూ తెరుస్తాను. మెనూ అక్షరాలను టీవీ తనంతట తానే తయారుచేస్తుంది కాబట్టి, అవి శుభ్రంగా కనిపిస్తూ వెనక బొమ్మ మాత్రమే గడులు గడులుగా చిట్లుతుంటే టీవీలో లోపం లేదు. లోపం పైకప్పు మీది డిష్‌లోనో, రిసీవర్‌లోనో, హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనో ఉంది. బలమైన గాలులు వీచిన మర్నాడు నాకు వచ్చే పిలుపుల్లో ఇలాంటివే ఎక్కువ. మెనూ కూడా అదే విధంగా చెడి కనిపిస్తే లోపం టీవీ లోపలే ఉంది, అప్పుడు స్క్రూడ్రైవర్ బయటికి తీయవచ్చు.

గీతల విషయం దగ్గర మాత్రం ఆగి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నిందలన్నీ ఇక్కడే పుడతాయి. గాజు అంచున ఒక వరుసలో చిన్న ఫిల్ములు అతికించి ఉంటాయి. ఒక్కొక్క ఫిల్మ్ మీద ఒక ఐసీ ఉంటుంది, తెరలో ఒక్కొక్క నిలువు భాగానికి బొమ్మను పంపేది అదే. వీటిని మా వాళ్లు సీఓఎఫ్ అంటారు. ఒక సన్నని నిలువు గీత వచ్చిందంటే ఆ అతుకులో ఒక్క దారి తెగి ఉండవచ్చు. పట్టీలాగా వెడల్పైన భాగం మొత్తం తెల్లబడిందంటే ఒక సీఓఎఫ్ పూర్తిగా పోయి ఉండవచ్చు. తెరలో సరిగ్గా సగం పోతే దానికి ముందరి రిబ్బన్ కేబులునో, గాజుకు బొమ్మ సంకేతాలను పంచే టీకాన్ బోర్డునో అనుమానించాలి. అడ్డగీతలు చాలావరకు గేట్ వైపు, అంటే అడ్డ వరుసలను నడిపే వైపు, లోపం. ఫ్రేము అంచున వేలితో మెల్లగా నొక్కినప్పుడు గీత మాయమై, వదలగానే తిరిగి వస్తే అతుకు ఊడుతోందన్న మాట. ఈ అతుకులు టంకం పెట్టినవి కావు, వాహక గుణం ఉన్న జిగురుతో వేడి చేసి ఒత్తినవి. వాటిని తిరిగి అతకడానికి ప్రత్యేక మిషన్ కావాలి, మా షాపులో అది లేదు.

చాలా టీవీల్లో ఈ సీఓఎఫ్‌లు తెర కింది అంచున ఉంటాయి. అద్దం తుడిచే ద్రవాన్ని నేరుగా తెర మీద చల్లితే అది జారి ఫ్రేము సందులోకి దిగుతుంది, అక్కడి రాగి దారులను కొన్ని వారాల్లో తినేస్తుంది. నిజంగా జరిగే విషయమే కాబట్టి, గీత పడిన ప్రతి టీవీకీ ఇదే కారణమని నమ్మేవాళ్లు తయారయ్యారు. పనిమనిషిని పిలిచి ముందు నిలబెట్టి, ఆ తర్వాత మెకానిక్‌ను అడుగుతారు. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. పని గంటలు, వారపు సెలవు, జీతం అందులో ఉన్నాయి. అయినా గీత ఎవరి వల్ల పడిందన్న తీర్పు మాత్రం ఇంటి హాల్లోనే, మెకానిక్ నోటి వెంట వచ్చే మాట మీద జరుగుతుంది.

సాల్మియాలోని ఒక ఫ్లాట్‌లో ఇలాగే జరిగింది. తెరకు ఎడమవైపు రెండు పట్టీలు తెల్లగా ఉన్నాయి. రాజోలు వైపు నుంచి వచ్చిన ఆమె నా మాట విని తెలుగువాడినని గుర్తుపట్టి, "అన్నా, నేను పొడిబట్టతోనే తుడుస్తానన్నా, మామాకు ఎంత చెప్పినా నమ్మడం లేదు" అంది. ఆమె తెలుగులో మాట్లాడడమే మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, అనుమానం కలిగించింది. ఇద్దరూ ఒక్కటై ఏదో చెప్పుకుంటున్నారని అనుకోవడం సహజం. అందుకని నేను ఆమెకు జవాబివ్వకుండా, ముందు టీవీని గోడ మీద నుంచి దించి ఇంటామెకు కనిపించేటట్లు బోర్లా పెట్టాను. కింది అంచు పొడిగా, దుమ్ముతో ఉంది. వెనక మూత మీద మాత్రం పై నుంచి కిందికి నీళ్లు కారిన తెల్లని చారలు ఉన్నాయి, లోపల తుప్పు కూడా ఆ చారల దారిలోనే ఉంది. సరిగ్గా టీవీకి పైన స్ప్లిట్ ఏసీ. దాని డ్రైన్ పైపు మూసుకుపోయి నీళ్లు గోడ మీదుగా కారుతున్నాయి. నేను ఏసీని వేలితో చూపించాను, ఆ పూటకు నా అరబ్బీ సరిపోయింది.

అన్నిసార్లూ జవాబు ఇలా మనవాళ్లకు అనుకూలంగా ఉండదు. కింది అంచు పొడవునా తుప్పు ఒకే తీరుగా పట్టి ఉంటే అది తుడిచిన ద్రవమే, అలాగే చెబుతాను. లేని కారణం కల్పించి చెబితే తర్వాత ఇంకొక మెకానిక్ మూత విప్పిన రోజున ఆమె మాటకూ, నా మాటకూ విలువ ఉండదు. కాని దానితో పాటు ఇంకొక మాట కూడా ఇంటివాళ్లను అడుగుతాను: ద్రవాన్ని బట్ట మీద చల్లుకుని తుడవాలని, తెర మీద చల్లకూడదని ఆమెకు ఎవరైనా చెప్పారా అని. నీళ్ల ఆనవాలు ఎక్కడా లేని గీతలు కూడా ఎన్నో. అవి వయసు వల్ల, వేడి వల్ల అతుకు బలహీనపడి వచ్చినవి, వాటికి ఎవరూ బాధ్యులు కారు.

పగులు సంగతి దీనికంటే తేలిక. టీవీ ఆపేసి టార్చిని తెరకు పక్కనుంచి వేస్తే పగులు దారులు కనిపిస్తాయి. సీఓఎఫ్ పోయిన తెరలో ఏమీ కనిపించదు. పై పొర ప్లాస్టిక్ ఫిల్మ్ కాబట్టి చేతితో తడిమితే నున్నగానే ఉంటుంది, లోపలి గాజు మాత్రం చిట్లి ఉంటుంది. పగుళ్లన్నీ ఒక బిందువు నుంచి నలువైపులా పోయి అక్కడ సిరా ఒలికినట్లుంటే ఏదో తగిలింది, ఎక్కువగా పిల్లవాడు విసిరిన రిమోట్. పగులు అంచు నుంచి మొదలైతే మోసేటప్పుడు వంగడమో, గోడ బ్రాకెట్ మెలిపడడమో కారణం కావచ్చు. ఏదైనా సరే, గాజు పగిలిన టీవీని బాగుచేయమని నేను ఎవరికీ చెప్పను; కొత్త ప్యానెల్, అంటే ఆ గాజు, ధర తరచుగా కొత్త టీవీ ధరకు దగ్గరగా వస్తుంది.

ఇక్కడే మా వృత్తిలోని ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. టీకాన్ బోర్డులో లోపం ఉన్నా "ప్యానెల్ పోయింది" అని చెప్పి, టీవీని చవకగా కొనుక్కుని, చిన్న మరమ్మతుతో అల్ రాయ్‌లోని జుమా సూక్‌కు, అంటే శుక్రవారం సంతకు, పంపేవాళ్లు ఉన్నారు. టీకాన్ లోపాలు చూడడానికి నిజంగానే ప్యానెల్ లోపాల్లా ఉంటాయి: బొమ్మ ఫిల్మ్ నెగటివ్‌లా తిరగబడుతుంది, వెలిసిపోతుంది, ఒకదాని మీద ఇంకొకటి పడ్డట్లు కదులుతుంది. దానికి వచ్చే 12 వోల్టులు వస్తున్నాయా, అది తయారుచేసే ఇతర వోల్టేజీలు నిలబడుతున్నాయా అని మీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది. నిలబడకపోతే గాజుకు వెళ్లే రెండు రిబ్బన్లలో ఒకదాన్ని విప్పి చూస్తాను. అప్పుడు రెండవ సగంలో బొమ్మ శుభ్రంగా వస్తే విప్పిన వైపునే షార్ట్ ఉందని, బోర్డు బాగుందని తేలుతుంది. ఇంత చేయకుండా ప్యానెల్ పోయిందని ఎవరైనా అంటే ఆ మాటను నమ్మనక్కరలేదు.

2024 జూన్‌లో ఎండలకు విద్యుత్ చాలక ఇక్కడ వంతులవారీగా కరెంటు తీసిన తర్వాత కొన్నాళ్లు పవర్ సప్లై బోర్డులు ఎక్కువగా వచ్చాయి. ఉబ్బిన కెపాసిటర్లు, కాలిన ఫ్యూజులు, పెద్దగా ఆలోచించే పని లేదు. ఆ ఏడాది డిసెంబరులో గల్ఫ్ కప్ ఫుట్‌బాల్ కువైట్‌లోనే జరగబోతోందని దివానియాల టీవీలన్నీ ఒకేసారి గుర్తుకు వచ్చాయి, అప్పుడు నిద్ర లేదు.

మరమ్మతు చేయించుకునేది ఎక్కువగా మావంటివాళ్లే. విల్లాలలో టీవీ పాతబడితే బయట పెడతారు, ఫర్వానియా, జలీబ్ గదుల్లో ఆరుగురు కలిసి చందా వేసుకుని అదే టీవీని కొని బాగుచేయించుకుంటారు. ఒకప్పుడు సెలవుకు వెళ్లే ప్రతివాడూ ఇంటికి ఒక టీవీ మోసుకుపోయేవాడు. 2013 ఆగస్టులో ఫ్లాట్ ప్యానెల్ టీవీకి ఇండియా డ్యూటీ ఫ్రీ తీసేశాక అది తగ్గింది. ఇప్పటికీ కార్గోలో పంపేవాళ్లు అడిగితే, పెట్టెను పడుకోబెట్టకుండా నిలబెట్టి పంపమని, ప్యాక్ చేసేముందు వెలిగించి తెర ఫొటో తీసుకోమని చెబుతాను.

నేను రసీదు మీద ఏం రాస్తానో అదే ఇళ్లలో సాక్ష్యంగా నిలుస్తుంది కాబట్టి, లోపంతో పాటు దాని కారణాన్ని కూడా రాయడం అలవాటు చేసుకున్నాను. "ఏసీ నీరు, పై నుంచి", "అతుకు, వయసు వల్ల", "దెబ్బ, మధ్యలో" అని నేను చెబితే ఈజిప్టు అతను అరబ్బీలో రాసి షాపు ముద్ర వేస్తాడు. తుప్పు పట్టిన మూలను భూతద్దంతో ఫోన్‌లో ఫొటో తీసి యజమానికీ, పని చేసే ఆమెకూ ఇద్దరికీ పంపుతాను. ఫొటో ఇద్దరి దగ్గరా ఉన్నచోట జీతంలో కోత మాట నా చెవిన మళ్లీ పడలేదు. ఫొటో తీయనివ్వని ఇళ్లు మాత్రం కొన్ని ఉన్నాయి.