నొప్పికి ఏమేం చేశారు?

సోమవారం క్లినిక్ తెరిచేసరికే బెంచీ నిండి ఉంటుంది. శనివారం రాత్రి మొదలైన పంటి నొప్పిని ఆదివారమంతా ఎలాగోలా ఓర్చుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. మూసాపేట, బోరబండ వైపు నుంచి వచ్చే మా పేషెంట్లలో రోజుకూలీలు, ఆటోవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు చాలామంది. ఒక పూట డాక్టరు దగ్గర కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. అందుకే మా దాకా వచ్చేలోపు లవంగ నూనె, నశ్యం, జిల్లేడు పాలు, మెడికల్ షాపు మాత్రలు, రాత్రికి ఒక క్వార్టర్, అన్నీ అయిపోయి ఉంటాయి. వాళ్ళను తప్పుపట్టే మనసు నాకు రాదు. నొప్పితో తెల్లవార్లూ మేలుకున్న మనిషి చేతికి ఏది అందితే అదే వాడతాడు.

ఇవాళ మొదట ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. కింది దవడ పన్ను. లైటు వేసి చూస్తే పన్ను పక్కన చిగురు మీద, బుగ్గ లోపల రూపాయి బిళ్ళంత మేర తెల్లటి పొర. "మాత్ర పంటి పక్కన పెట్టుకున్నారా అన్నా?" అని అడిగితే ఆశ్చర్యపోయాడు. ఆస్పిరిన్ మింగితే నొప్పి తగ్గిస్తుంది, చిగురుకు ఆనించి ఉంచితే ఆ చోటంతా కాలుస్తుంది. గాజుగుడ్డతో తాకగానే పొర ఊడొచ్చింది, కింద పచ్చి పుండు.

పుండు మానుతుంది. నాకు టెన్షన్ పెట్టింది అతని చొక్కా జేబులోని స్ట్రిప్పులు. వాటిని టేబుల్ మీద పరిచి ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. నిన్న ఒక్కరోజే పారాసెటమాల్ 650 నాలుగు. ఇంకో రకం ఆరు. అది ఎసిక్లోఫెనాక్‌తో కలిపిన మాత్ర, ఒక్కోదానిలో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా ఉంటుంది. ఒకటి జ్వరం మాత్ర, ఇంకోటి నొప్పి మాత్ర అనుకున్నాడు. మొత్తం 4,550 మిల్లీగ్రాములు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళకే రోజుకు 4,000 దాటకూడదు. రోజూ తాగేవాళ్ళకైతే అంతకంటే తక్కువకే కాలేయం దెబ్బతినొచ్చు. పైగా ఎసిక్లోఫెనాక్ రోజుకు రెండు వేసుకోవాల్సింది, ఆరు వేసుకున్నాడు. కడుపులో మంటగా ఉందని అప్పుడు చెప్పాడు.

"రాత్రి మందు తీసుకున్నారా?" టీ తాగారా అని అడిగినంత మామూలుగా అడిగాను.

"క్వార్టర్ మేడం. నిద్ర పట్టాలె గదా."

పన్ను తెరిచి లోపలి ఒత్తిడి తీసేశాను. అతనికి కావాల్సింది అదే, మాత్రలు కాదు. పంటి నరం వాచి నొప్పి పుడుతుంటే యాంటీబయాటిక్ ఎన్ని రోజులు మింగినా ఆ నొప్పి పోదు. స్ట్రిప్పులు నా దగ్గరే ఉంచుకుని, ఇవాళే కాలేయం పరీక్ష చేయించి ఫిజీషియన్‌కు చూపించుకోమని చీటీ రాసిచ్చాను. కుర్చీలోంచి లేచాక కాసేపు దవడ తడుముకుంటూ నిలబడ్డాడు, నొప్పి లేదంటే నమ్మలేనట్టు.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే మాకు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "లేదు". అందుకే నేను "నిన్నటి నుంచి నొప్పికి ఏమేం చేశారు?" అని మొదలుపెడతాను. పక్కన మొగుడో, అత్తో, తల్లో ఉంటే వాళ్ళను ఏదో వంకతో బయటికి పంపుతాను. పోలీసులా అడిగితే దాస్తారు. దాచిన దాని మీద నేను ఇంజెక్షన్ ఇస్తే ప్రమాదం వాళ్ళకే.

మధ్యాహ్నం ముందు వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడి విషయంలో అదే జరగబోయింది. జ్ఞానదంతం తీయించుకోవాలి, వెంట వాళ్ళమ్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నాడి చూస్తే నూట ఇరవై దాటింది. భయం వల్ల కూడా అలా ఉండొచ్చు. ఎక్స్‌రే అని అమ్మను బయట కూర్చోబెట్టి అడిగితే కాసేపు నేల చూసి, పొద్దున గంజాయి తాగానన్నాడు, నొప్పి తెలియదని. పన్ను తిమ్మిరెక్కడానికి మేం ఇచ్చే లిగ్నోకైన్‌లో చాలాసార్లు అడ్రినలిన్ కలిపి ఉంటుంది, సాధారణంగా 80,000 పాళ్ళకు ఒక పాలు. గంజాయి అసలే గుండెను పరిగెత్తిస్తుంది, దాని మీద అడ్రినలిన్ పడితే ఇంకా దడ. తొందరేమీ లేని పన్ను కాబట్టి వాయిదా వేశాను. పన్ను తీశాక పొగ తాగితే గాయంలో గడ్డకట్టిన రక్తం నిలవక, ఎముక బయటపడి ఈ నొప్పికి రెట్టింపు వస్తుందని కూడా చెప్పాను. "అమ్మకు చెప్పొద్దు మేడం" అన్నాడు. చెప్పలేదు. చీటీ వెనక డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు 14446 రాసిస్తే మడిచి ఫోన్ కవర్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒకావిడ కాగితం పొట్లంతో వచ్చింది. షుగర్ పేషెంట్. పొట్లంలో పేరులేని మాత్రలు, తెల్లవి, పసుపువి, ఒక గుళిక. షాపులో "వాపుకు సెట్" అని అడిగితే విప్పి ఇచ్చారట. రెండు రోజులు వాపు తగ్గిందని సంతోషపడింది. ఆ చిన్న తెల్ల మాత్ర స్టెరాయిడ్ అని నా అనుమానం. స్టెరాయిడ్ వాపునూ నొప్పినీ అణుస్తుంది, చీము మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది, షుగర్ పెరుగుతుంది. గ్లూకోమీటర్ మూడువందల ఎనభై చూపించింది. దవడ కింద రెండు పక్కలా గట్టిగా వాపు, నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోవడం లేదు, నాలుక పైకి లేచి ఉంది, ఉమ్మి మింగలేకపోతోంది. ఆ వాపు గొంతు వైపు దిగితే ఊపిరి ఆడదు. ఇది క్లినిక్‌లో చేసే పని కాదు. 108కి ఫోన్ చేసి, ఉత్తరం రాసి ఉస్మానియాకు పంపాను. ఆ పొట్లం కూడా ఉత్తరంతో పాటే పంపాను.

సాయంత్రం అవ్వ వచ్చింది, కోడలి వెంట. పాలమూరు నుంచి ఎప్పుడో వలస వచ్చిన కుటుంబం. ముందు పన్ను బాగా ఊగుతోంది, తీయడానికి నిమిషం కూడా పట్టదు. కానీ ఫ్యాను కింద కూర్చుని కూడా ఆమెకు చెమట కారుతోంది, చేతులు వణుకుతున్నాయి. బీపీ 170 మీద 100. కుర్చీ చెయ్యి మీద నుంచి మాటిమాటికీ ఏదో దులుపుతోంది.

"ఏముంది అవ్వా అక్కడ?"

"చీమలు బిడ్డా. గిన్ని చీమలేంది నీ కాడ?"

ఒక్క చీమ కూడా లేదు.

"కల్లు ఎన్నడు తాగినవ్ అవ్వా?"

"బంద్ వెట్టిన. రెండొద్దులాయె. తాగొస్తే పన్ను పీకరన్నరు."

అంతకు ముందు పొద్దున ఒక సీస, మాపటికి రెండు, ఏళ్ళ తరబడి. మన దగ్గర చాలాచోట్ల కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. శరీరం ఆ మత్తుకు అలవాటుపడ్డాక ఒక్కసారిగా ఆపితే వణుకు, మతి తప్పడం, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు ఇలాగే జనం ఆస్పత్రులకు బారులు తీరారు. అలాగని తాగుతూ ఉండమనీ అనలేం. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు, కిడ్నీలు పోయి చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. మానాలి, అయితే డాక్టర్ల కళ్ళ ముందు, మందులతో, మెల్లగా మానాలి.

పన్ను తీయలేదు. కోడలికి ఎర్రగడ్డ పేరు చెప్పగానే ఏడుపందుకుంది. "మా అత్తకు పిచ్చేం లేదు మేడం." ఆ మాట నాకు బాగా తగిలింది. ఒక ఆస్పత్రి పేరుకు ఇంత భయపడి ఎంతమంది ఇంట్లోనే ఫిట్స్ తెచ్చుకుంటున్నారో! పిచ్చి కాదమ్మా, కల్లులోని మందు ఒక్కసారిగా ఆగినందుకు ఒళ్ళు తిరగబడుతోంది, అక్కడ దాన్ని రోజూ చూస్తారు, రాత్రి ఇంట్లో ఫిట్స్ వస్తే నువ్వొక్కదానివీ ఏం చేయలేవు అని రెండు మూడు తీర్లుగా చెప్పాను. మా అసిస్టెంట్ అమ్మాయి తనే ఆటో మాట్లాడి వాళ్ళతో పాటు ఎక్కింది.

ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. అవ్వను చేర్చుకున్నారు, ఇంజెక్షన్ ఇచ్చాక నిద్రపోయిందట. "పన్ను ఎట్ల మేడం మరి?" అని కోడలు అడిగింది. అక్కడి డాక్టర్లు సరేనన్నాక తీసుకురమ్మన్నాను, డబ్బులు అక్కర్లేదనీ, ఈలోపు ఎవరు చెప్పినా ఆ పంటి మీద ఏదీ పెట్టొద్దనీ చెప్పాను.