దొంగల ఇంట్లో అబద్ధమాడని పిల్ల: ఈ కథ కుదిరేదాకా నా అనుభవం

8 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం ఒక హాస్యకథ. ఇంటిల్లిపాదీ దొంగలు, ఒక్క పిల్ల మాత్రం అబద్ధమాడదు. వినడానికి తేలికే. కుదరడానికి నాలుగు చిత్తుప్రతులు పట్టింది.

మొదటి ప్రతి పాడైంది పిల్ల వల్లే. నోరు విప్పితే నీతి. ‘తప్పు నాన్నా’ అనే అర్థం వచ్చే మాటలు లెక్కపెడితే 14 తేలాయి. నవ్వంతా దొంగలకు పోయింది, విసుగంతా పిల్లకు మిగిలింది. పైగా కథ మీద ప్రహ్లాదుడి నీడ పడింది. అక్కడ తండ్రి చస్తేగాని తగవు తీరదు. హాస్యకథలో ఎంత గొడవ జరిగినా రాత్రికి అందరూ ఒకే చూరు కింద పడుకోవాలి.

అందుకని రెండో ప్రతికి ఒక్కటే నియమం పెట్టుకున్నాను: పిల్ల ఎవరికీ హితవు చెప్పదు, అడిగినదానికి మాత్రం ఉన్నదున్నట్టు జవాబిస్తుంది. పక్కింటాయన గుమ్మంలో నిలబడి “మీ నాన్న ఉన్నాడా తల్లీ?” అంటాడు. “మంచం కింద ఉన్నారండీ, మీ నిచ్చెనతో పాటు.” ఆ 14 మాటలూ చేయలేని పని ఈ ఒక్క జవాబు చేసింది. పిల్ల చాడీ చెప్పలేదు, ప్రశ్న అలా వచ్చింది. కాబట్టి ఈ కథలో కష్టపడి రాయాల్సింది జవాబులు కాదు, ప్రశ్నలు. అడిగేవాడికి అడగడానికి సొంత కారణం ఉండాలి. లేకపోతే రచయిత తెర వెనక నుంచి అందించినట్టు తెలిసిపోతుంది.

ఇక దొంగలు. మొదట వాళ్లను తెలివితక్కువ వాళ్లుగా రాశాను. జారిపడ్డారు, ఒకరినొకరు గుద్దుకున్నారు. రెండుసార్లు నవ్వొచ్చింది, మూడోసారి రాలేదు. పనిరాని దొంగ మీద జాలే తప్ప నవ్వు ఎక్కువసేపు నిలవదు. శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడనే దొంగ గోడకు కన్నం వేసేముందు ఏ ఆకారంలో వేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తాడు, జంధ్యాన్నే కొలతాడుగా వాడతాడు. అక్కడ నవ్వొచ్చేది వాడికి పని రాదని కాదు, ఆ పని మీద వాడికున్న గౌరవం చూసి.

అందుకని ఒక్కొక్కరికి ఒక నేర్పు, దాన్ని చెడగొట్టే ఒక చాదస్తం ఇచ్చాను. నానమ్మ ఏ తాళమైనా తీస్తుంది, లోపల దుమ్ము కనిపిస్తే మాత్రం తుడవకుండా రాలేదు. మామయ్య పిల్లిలా నడుస్తాడు, చీకటంటే హడల్. నాన్న పథకం కాగితం మీద శ్రద్ధగా గీస్తాడు, ఆ కాగితం అక్కడే మరిచిపోతాడు. అమ్మ చూపుతోనే వస్తువు విలువ కడుతుంది, జతలో ఒకటే దొరికితే తీసినచోటే పెట్టేస్తుంది. మొదట ఏడుగురుండేవారు. సంభాషణల్లో పేర్లు కప్పేసి చదివితే ముగ్గురి గొంతులు ఒక్కలాగే ఉన్నాయి, వాళ్లను తీసేశాను.

దొంగిలించే వస్తువు దగ్గర చాలామంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. మందులు, పసివాడి బొమ్మ, దాచుకున్న సొమ్ము లాంటివి పోతే పోగొట్టుకున్నవాళ్ల బాధ కళ్లముందుకొచ్చి నవ్వు ఆగిపోతుంది. వస్తువు పెద్దదో, చప్పుడు చేసేదో, దాచడం కష్టమైనదో కావాలి. నేను గంటలు కొట్టే గోడగడియారం పెట్టాను. దొంగకు తేలు కుట్టడమంటే ఇదే. పరుపు కింద అది 12 కొడుతుంటే వచ్చినవాళ్ల ముందు అందరూ ఏమీ విననట్టు కూర్చోవాలి. పన్నెండు గంటలూ రాస్తే చదివేవాడికి విసుగు. మొదటి మూడూ పూర్తిగా రాసి, మామయ్య దగ్గు ఒకటి వేసి, నేరుగా పదకొండోదానికి దూకాలి.

అన్నట్టు, ఏ వస్తువు ఏ సన్నివేశంలో ఎక్కడుందో, ఆ సంగతి ఎవరికి తెలుసో పక్కన ఒక పట్టిక రాసుకోవాలి. నా మూడో ప్రతిలో మంచం కింద ఉన్న నిచ్చెన మీద మామయ్య అదే సమయంలో పెరట్లో ఎక్కుతున్నాడు.

అసలు ముడి వేరే ఉంది. ఈ ఇంట్లో పుట్టిన పిల్లకు నిజాయితీ ఎక్కణ్నుంచి వచ్చింది? పిల్లలు ముందు అడిగేది అదే. బడి పంతులమ్మను తెచ్చాను, కథ ఆవిడదైపోయింది. పుస్తకం చదివి మారిందన్నాను, ఎవరూ నమ్మరు. జవాబు వాటాలు పంచుకునే సన్నివేశంలో దొరికింది. దొంగలు వాటాల దగ్గర పైసా తేడా రానివ్వరు. లెక్కపుస్తకం రాసేది పిల్ల. “మనలో మనం అబద్ధమాడితే ముఠా నిలవదే” అని నానమ్మే నేర్పింది. పిల్ల చేసిందల్లా ఆ నియమాన్ని గడప దాటించడం. ఇది దొరికాక మిగిలిన నీతిమాటలన్నీ కొట్టేయవచ్చు.

ముగింపులో పోలీసులను తెస్తే పిల్ల ద్రోహి అవుతుంది. అందరూ ఒక్కసారిగా మారిపోతే అబద్ధంలా ఉంటుంది. చివరికి వస్తువులు తిరిగి పెట్టించాను, దొంగతనం పద్ధతిలోనే. మోగే గడియారాన్ని ఎవరికీ తెలియకుండా గోడకు తగిలించడం దాన్ని ఎత్తుకురావడం కంటే కష్టం కాబట్టి నలుగురి నేర్పులూ, నలుగురి చాదస్తాలూ మళ్లీ పనికొస్తాయి. మర్నాడు పక్కింటాయన మళ్లీ గుమ్మంలోకి వస్తాడు. “నిచ్చెన ఎవరు తెచ్చిపెట్టారు తల్లీ?” నాన్న అప్పటికే మంచం కిందకు దూరుతున్నాడు.