వాల్వ్ ఉంచాలా, మార్చాలా: నా అయోర్టా ఆపరేషన్

నాకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉంది. ఒంట్లో కణజాలాన్ని పట్టి ఉంచే పదార్థం బలహీనంగా ఉండే వంశపారంపర్య జబ్బు ఇది. నాన్నకూ ఉండేది. గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళమైన అయోర్టా చీలి, నలభై ఐదేళ్లు నిండకుండానే చనిపోయారు. అందుకే, గుండెను ఆనుకుని ఉండే అయోర్టా రూట్ నాకు 47 మిల్లీమీటర్లకు ఉబ్బిందని ఎకోలో తేలగానే డాక్టర్ ఇక ఆగొద్దన్నారు. మార్ఫాన్ ఉన్నవాళ్లకు మామూలుగా 50 మిల్లీమీటర్ల దగ్గర ఆపరేషన్ చేస్తారు. ఇంట్లో ఎవరికైనా అయోర్టా చీలి ఉన్నా, పిల్లల్ని కనాలనుకుంటున్నా 45 దాటగానే ఆలోచిస్తారు. నా విషయంలో రెండూ ఉన్నాయి.

ఆపరేషన్ తప్పదని తెలిసింది. ఏ ఆపరేషన్ అన్న దగ్గరే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మొదట కలిసిన సర్జన్ బెంటాల్ చేద్దామన్నారు. 1968 నుంచి ఉన్న పద్ధతి. రూట్‌నీ, అందులో ఉండే వాల్వ్‌నీ కలిపి తీసేసి, మెటల్ వాల్వ్ కుట్టిన డాక్రాన్ (పాలిస్టర్ బట్ట) గొట్టం పెడతారు, గుండెకే రక్తం ఇచ్చే కరోనరీ నాళాలను దానికి అతుకుతారు. వాల్వ్ ఎన్నేళ్లైనా పనిచేస్తుంది గానీ, రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఫలితం 2, 3 మధ్య ఉండేలా చూసుకోవాలి. ఆ మందు పనిని తగ్గించే తోటకూర, పాలకూర మానక్కర్లేదు, కానీ ఒకే మోతాదులో తినాలి. అదంతా నాకు కష్టం కాదు. గర్భం వస్తే ఎలా అన్నదే నా భయం. వార్ఫరిన్ వల్ల తొలి నెలల్లో బిడ్డకు అవకరాలు రావచ్చు, మానేస్తే వాల్వ్‌లో రక్తం గడ్డకట్టవచ్చు. జంతు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వ్ పెడితే ఆ బాధ లేదు, కానీ నా వయసువాళ్లలో త్వరగా పాడవుతుంది. "అంటే మళ్లీ ఛాతీ కోయాలా?" అని అమ్మ అక్కడే ఏడ్చేసింది.

రెండో సర్జన్ ఎకో వీడియో ఆపి ఆపి చూపించారు. వాల్వ్ రెక్కలు మూడూ పల్చగా, బాగానే ఉన్నాయట. గుమ్మం వెడల్పయితే తలుపు రెక్కలు కలవనట్టు, రూట్ సాగడం వల్ల మధ్యలో లీక్ అవుతోంది. సొంత వాల్వ్ ఉంచి, దాని చుట్టూ గొట్టం వేసే డేవిడ్ ఆపరేషన్ చేయొచ్చన్నారు. టొరంటోలో టైరోన్ డేవిడ్ 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. చేసేవాళ్ల అనుభవం మీద చాలా ఆధారపడుతుంది కాబట్టి నేను మొహమాటపడలేదు. మీరు ఎన్ని చేశారు, ఎంతమందికి మళ్లీ వాల్వ్ మార్చాల్సి వచ్చింది అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు, సూటిగా చెప్పారు. ఆ జవాబుతోనే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత ఆయనే నన్నడిగారు: "తెరిచాక నీ వాల్వ్ పనికిరాదనిపిస్తే ఏది పెట్టమంటావమ్మా? అప్పుడు నిన్ను అడగలేం." ఇది అందరూ ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న. నేనూ మావారూ రాత్రంతా మాట్లాడుకున్నాం. ఒప్పుకోలు పత్రంలో డేవిడ్ కింద "కుదరకపోతే టిష్యూ" అని నా చేత్తోనే రాశాను.

ఆ అవసరం రాలేదు. థియేటర్‌లోనే అన్నవాహికలోకి ఎకో గొట్టం పంపి చూస్తే లీక్ దాదాపు లేదు. ఐసీయూలో దగ్గొస్తే దిండు గట్టిగా హత్తుకునేదాన్ని, అంత నొప్పి.

ఇప్పుడు గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడుతున్నాను. మిగతా అయోర్టా ఉబ్బుతుందేమోనని ఏటా స్కాన్ ఉంటుంది. గర్భం గురించి కార్డియాలజిస్టుతో మాట్లాడుతున్నాం. తమ్ముడు మాత్రం ఇంకా ఎకో తీయించుకోలేదు. మార్ఫాన్ ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఈ నెలలో వాణ్ని నేనే తీసుకెళ్తున్నాను.